ముప్ఫై ఒక్క పాటలు

సైకిల్ షాపు వెనక గదిలో అక్కా తమ్ముడూ ఒకే కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఆపరేషన్ తర్వాత అక్క గొంతు బొంగురుపోయింది.

“నా పాటల సైటు తెరుచుకోవట్లేదేంట్రా?”

“మన రెండు సైట్లూ ఒకే హోస్టింగ్ అకౌంట్లో ఉన్నాయి కదక్కా. షాపు పాత సైటు తీసేద్దామని కూర్చుని, పొరపాటున నీ సైటు పేరు తీసేశాను.”

“ఆపరేషన్‌కి ముందు పాడినవన్నీ అందులోనే ఉన్నాయిరా! ఇంకెక్కడా లేవు. అవీ పోయాయా?”

“నేనూ అలాగే భయపడి వెతికి చూశాను. కానీ పోయింది పేరొక్కటే. నీ ఫోల్డర్ చెక్కుచెదరలేదు, ముప్ఫై ఒక్క పాటలూ ఉన్నాయి. పేరు మళ్లీ కలిపేశాను. ఇదిగో, విను.”

“ఇది... నేనేనా?”

“నువ్వే. ఏడవకక్కా.”

“ఏడవట్లేదురా. రెండో చరణంలో శ్రుతి తప్పాను. ఇన్నాళ్లూ ఒక్కరైనా చెప్పలేదేం?”