బట్ తర్వాత స్టిల్

సింగపూర్ ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లకు ఇంగ్లిష్ నేర్పే హాస్టల్ అది, ఇండోనేషియాలో, తూర్పు జావాలోని మలాంగ్‌లో. అక్కడ ఒకమ్మాయికి మధ్యాహ్నం సింగపూర్ మేడమ్‌తో వీడియో ఇంటర్వ్యూ ఉంది. అలవాటు కోసం, నేర్పే ఆవిడే ఇప్పుడు ఆ మేడమ్‌లా కూర్చుని ప్రశ్నలు వేస్తోంది.

“నీకు పిల్లలున్నారా?”

“మూడేళ్ల పాప ఉంది మేడమ్. బట్...”

“ఆగిపోయావేం? బట్ అన్నాక వెంటనే స్టిల్ అనాలని ఎన్నిసార్లు చెప్పాను? ఒట్టి బట్ వింటే వాళ్లు ఇంకో అమ్మాయిని పిలుచుకుంటారు.”

“పాప ఉంది, బట్ స్టిల్ పనికొస్తాను.”

“నవ్వుతూ చెప్పు. పాప బెంగపెట్టుకుంటే?”

“బట్ స్టిల్ పని చేస్తాను.”

“పాపకి జ్వరమొస్తే?”

“అది వద్దక్కా, ఇంకోటి అడగండి.”

“వాళ్లు ముందు అడిగేదే అది, తల్లీ!”

“అక్కా, నిన్న ఆఫీసువాళ్లు నా ఫోనిచ్చినప్పుడు అమ్మతో మాట్లాడాను. పాపకి నిజంగానే జ్వరం. పిలిస్తే పలకట్లేదంట.”

“ఇంటికి పంపమని ఆఫీసులో అడిగావా?”

“అడిగాను. ముందు ఇంటర్వ్యూ అవనీ, తర్వాత చూద్దాం అన్నారు. మీరైనా చెప్పరూ?”

“నా మాట ఇక్కడెవరు వింటారే?”

“మీరు సింగపూర్‌లో పదకొండేళ్లు చేశారు కదా. మీ బాబుకి ఎప్పుడూ ఏం కాలేదా?”

“అయింది. మేడమ్‌కి ఇలాగే చెప్పాను. మా వాడికి జ్వరం, బట్ స్టిల్ పని చేస్తానని.”

“ఆవిడేమంది?”

“నీ ఇంగ్లిష్ బాగుపడిందే అని మెచ్చుకుంది.”

“మరి బాబు?”

“టైమవుతోంది. మొహం తుడుచుకో. పాపకి జ్వరమొస్తే?”