పచ్చ దారం

ఫిన్లాండ్‌లోని సైమా సరస్సు ఒడ్డున ఉన్న మరమ్మతుల కొట్టులో ముసలి మెకానిక్, ఓ కుర్రాడు తెచ్చిన పడవ మోటారు ప్రొపెల్లర్‌ను ఊడదీశాడు.

“రాయికి కొట్టుకున్న గుర్తే లేదబ్బాయ్. వెనకాల గాలం దారం చుట్టుకుని, నీళ్లు లోపలికి రాకుండా ఆపే సీలును కోసేసింది. నీళ్లు దిగి మోటారు ఆగిపోయింది.”

“మా అన్న ఓస్మో నా పడవ తీసుకెళ్లి రాయికి కొట్టాడనుకున్నాను.”

“అనుకున్నావా, అనేశావా?”

“అనేశాను. సౌనాలో, ఆవిరిస్నానం చేస్తూ, అందరి ముందూ.”

“సౌనాలోనా! అక్కడ బద్ధశత్రువులు కూడా గొంతెత్తరు కదయ్యా.”

“అప్పట్నుంచి అన్న నా పడవ దగ్గరికే రాలేదు.”

“ఇంతకీ ఈ పచ్చ దారం అతనిదేనా?”

తమ్ముడు వంగి ఆ దారాన్ని దగ్గరగా చూశాడు.

“అన్న వాడేది తెల్లది. ఇది నాదే.”

“సీలు పాతబడి చిరిగిందని చెప్పనా? ఎవరికీ అనుమానం రాదు.”

“వద్దు తాతా. ఆ దారం ఇలా ఇవ్వండి. ఇవాళ శనివారం, అన్నతో సహా అందరూ సౌనాలోనే ఉంటారు.”