మోరి సోంబరుతో మల్లేశు మాటామంతీ

మల్లేశు నోరు తెరిచాడంటే యర్రమ్మ టీకొట్టులో గ్లాసులు కడగడం కూడా ఆగిపోతుంది. ఆ శుక్రవారం అరకు సంతలో అతనికి కోతలు కోయక తప్పని అవసరం కూడా వచ్చిపడింది. కూతురు బేబి పెళ్ళికి మోరి ఊదడానికి సోంబరునే తెస్తానని ఊరంతా చాటి ఉన్నాడు. మోరి సన్నాయిలాంటిదే గానీ, ఈ కొండల్లో దాన్ని సోంబరులా పలికించేవాడు లేడు. మల్లేశుకు ఆయనంటే ప్రాణం. పెళ్ళి పదిరోజుల్లోకి వచ్చింది. పోయిన సంతలో ఆయన్ని కలిశావు గదా, ఏమన్నాడని జీపు నడిపే బుధు అడిగాడు.

"ఏటంతాడు? నన్ను సూసి ఆయనే లేసొచ్చీసినాడు," అన్నాడు మల్లేశు. "నీ సెవికి నచ్చితేనే నా పాటకి ఇలువ మల్లేశూ, అన్నాడు. సరే, ఊదమన్నాను. ఊదినాడు. మజ్జలో ఒక తప్పు దొరికింది, మొగమాటపడకుండా సెప్పీసినాను. మోరి నా సేతిలో ఎట్టీసి, నువ్వే ఊదు గురువా అన్నాడు. ఆ తర్వాత ఏటయిందో తెల్సా?"

"నువ్వు సెప్పకుండా ఉంతావేటి," అంది యర్రమ్మ.

"ఊదినాను. కిరండూల్ రైలుబండి సొరంగంలోంచి బయటికొచ్చి టక్కున ఆగిపోయింది. డ్రైవరు దిగొచ్చి, ఇంకోపాలి ఊదండి బాబూ, లేటయితే నేను సెప్పుకుంతానన్నాడు. రెండోపాలి ఊదితే, పళ్ళు కోసీసిన కాఫీ కొమ్మలకి అప్పటికప్పుడు పూలొచ్చీసినాయి. మూడోపాలి ఊదబోతే సోంబరు నా కాళ్ళట్టుకున్నాడు. వద్దు గురువా, కొండలు కూడా సేతులు కలిపి థింసా ఆడితే మన ఊళ్ళేటయిపోతాయని!"

ఇంతకీ పెళ్ళికి వస్తానన్నాడా అని బుధు మళ్ళీ అడిగాడు. మల్లేశుకు టీ పొలమారింది. అసలు ఆ మాటే అడగలేదు. సంగతి తెలిస్తే కూతురి ముందు తలెత్తుకోలేడు. ఆ భయంతో వారం రోజులుగా అతనికి అన్నం సహించడం లేదు.

వెనక నుంచి బేబి గొంతు వినిపించింది. రాజ్మా అమ్ముకుని ఎప్పుడొచ్చి నిలబడిందో. పొద్దున్న సంతలో సోంబరు తాత కనిపిస్తే తానే పెళ్ళికి పిలిచానంది. ఎవరి గుంటవని ఆయన అడిగితే, టీకొట్టు దగ్గరున్న తండ్రిని చూపించిందట.

"ఆయనా మీ నాన్న? అన్నాడు తాత. పోయిన సంతలో గొడుగట్టుకుని నా యెనకే తిరిగినాడమ్మా, ఏటి కావాలంటే నోరు తెరిసి మళ్ళీ మూసీసినాడు. పాపం మూగోడనుకుని సైగలతోనే మాటాడినాను, అన్నాడు."

కొట్టంతా గొల్లుమంది. మల్లేశుకు చెవులు కాలిపోయాయి, అయినా ఆశ చావలేదు. "మరి వస్తాడంతావా?" అన్నాడు పీలగా.

"వస్తాడు. ఆ మూగాయన్ని నా పక్కనే కూకోబెట్టండి, అంత బాగా ఇనేవోణ్ణి నేనింతవరకూ సూళ్ళేదు అన్నాడు."

మల్లేశు కళ్ళు చెమర్చాయి. ఇంతకీ తాతకు నిజం చెప్పావా అని కూతుర్ని అడిగాడు.

"లేదు," అంది బేబి. "పెళ్ళి మూడ్రోజులూ నువ్వు మూగోడివే నాన్నా."