కొంగు చాటు చెయ్యి

అది 1952. తాలూకా కచేరీలో నకళ్ళు రాసిచ్చే గుమాస్తా ఎర్రిస్వామి ముందు, కుందుర్పి దారిలో కరువు పనికి కంకర కొట్టే సిద్దమ్మ మళ్ళీ వచ్చి నిలబడింది. ఆమెను ఎట్లాగైనా తిప్పి పంపేయాలని అతని ఆరాటం.

“దరఖాస్తు మీద కుడి బొటనేలు పెట్టమ్మా. ఆడోళ్ళకు కుడిదే.”

“ఎడమది పెడతా సామీ.”

“కుడి చేతికి ఏమొచ్చింది?”

“కొంగు పట్టుకోనుండా.”

“సరే, ఏదో ఒగటి పెట్టు. ఏం నకలు?”

“మా ఆయప్ప బాయిలో పడి సచ్చినాడని పోలీసోళ్ళు పంచనామా రాసినారంట. అది.”

“నీ మొగుడు తిప్పయ్యదా? రేపు రా.”

“రేపు రేపని తిప్పుతానే ఉండావు. ఈపొద్దు కదల్ను.”

“నీకు సదువు రాదు. తీసుకోని ఏం జేస్తావు?”

“తాగి పడినాడని రాసినారంట. ఆయప్ప కల్లు ముట్టడు సామీ. కంట్రాక్టరు కూలి కోస్తాంటే కలెక్టరుకు అర్జీ పెడతానన్యాడు. మర్సనాడు బాయిలో తేలినాడు. తాగినాడని ఎవురు చెప్పిరో నాకు తెలియాల.”

“తెలిసి?”

“మేజిస్ట్రేటు ముందర నిలబెడతా.”

“ఒద్దమ్మా. నా మాటిను.”

“ఎందుకొద్దు?”

“చిన్నబిడ్డలుండారు నీకు.”

“ఆ బిడ్డలే అడుగుతాండారు, నాయన తాగుబోతా అని. సదువు సామీ.”

“సదివినాక నన్ను అనొద్దు.”

“సదువు.”

“‘నా భర్త రోజూ తాగును. తాగిన మైకములో బావిలో పడినాడు. నాకు ఎవరి మీదను అనుమానము లేదు.’ ఇది భార్య వాంగ్మూలం సిద్దమ్మా. చెప్పింది నువ్వే. కింద నీ ఏలిముద్ర ఉండాది.”

“నాదా?”

“నీదే. శవాన్ని ఇస్తామంటే ఏడుస్తా పెట్టింటావు. ఇప్పుడు కాదంటే నిన్నే లోపలేస్తారు. పో తల్లీ, దరఖాస్తు చించేస్తా.”

“చించొద్దు. ఏ ఏలు సామీ?”

“రాసిండారు గదా, కుడి బొటనేలు.”

“వాళ్ళకు తెలీదులే.”

“ఏం తెలీదు?”

“తెలిస్తే కంట్రాక్టరోళ్ళు ఆపొద్దే పనిలోనించి తీసేస్తుండ్రి. అందుకే ఎవురి కంటా పడనియ్యలేదు. మా ఆయప్పొక్కడికే తెలుసు. నా పాలి రాయి గూడా ఆయప్పే కొడతాండె.”

“ఏమంటాండావు నువ్వు?”

“ఇదో, కొంగు తీస్తాండా, చూడు. సమ్మెట కింద పడి నా కుడి బొటనేలు పోయి ఏడాదాయ.”