పదకొండు కాదు, పదారు

సాయంత్రం నాలుగు గంటలు. గుడియాత్తంలో వాన పడతా ఉండాది. పెద్దదేం కాదు, తుంపర.

"పెద్దమ్మా, పోయిన సారి లీగు ఆఖరాట దినం ఏమయిందో చెప్పు. మా అమ్మ సగం చెప్పి ఏడుస్తాది. నీ మాట ఫోన్లో పట్టుకుంటా."

పట్టుకో. ఫోను ఆ తిన్నె మీద పెట్టు, జల్లు తగలకుండా. నేను ఇట్లే గడప మీద కూర్చుంటా. నాకు రోడ్డు కనపడాల. పిల్లోళ్ళు ఇయ్యాల జోలార్పేటలో ఆడతా ఉండారు. ఐదుకంతా వచ్చేస్తామని చెప్పిపోయినారు.

నాకు ఎక్కువ మాట్లాడేది రాదు తల్లీ. ముందు ఇట్ల కాదంట, వాగుతానే ఉండేదాన్నంట, మీ అమ్మ చెప్తాది. ఆ దినం తర్వాత మాట తగ్గిపోయింది. అయినా నువ్వు వేలూరులో బస్సు మారి వచ్చినావు నాకోసం, కాదు, మీ అమ్మ పంపించిందా? సరే. చెప్తా.

మీ పెదనాయన మేస్త్రి. ఇండ్లు కట్టేది మా పని. నేను పెండ్లయిన రెండో నెల నుంచి ఆయన కింద సిత్తాళును. కొత్తనారు, అంటే ఇటుక పేర్చేవోడు, గోడ కడతా ఉంటే కలవ, ఆ సిమెంటు ఇసక కలిపింది, అందించే మనిషి. సాయంత్రం సామాన్ల లెక్క కూడా నాదే. కలవ మోసే బాండ్లీలు ఎన్ని, పారలు ఎన్ని, అన్నీ వచ్చినాయా లేదా. చూపుతోనే లెక్కపెడతా, నోట్లో అనుకోను. అది గుర్తు పెట్టుకో, మళ్ళా వస్తాది.

మా వీధి పిల్లోళ్ళు బంతాట జట్టు కట్టినారు. మా డిల్లి దాంట్లో గోల్ కీపరు. డిల్లి అంటే డిల్లిబాబు, నా కొడుకు. నీకు తెలుసు, ఈ ఫోను వినేవోళ్ళకి తెలియాల గదా. ఇస్కూల్లో వాళ్ళకు ఆట నేర్పించిన పీటీ వాధ్యారే ఇప్పుడూ వెంట పోతాడు. బంతి ఒకటి సిమెంటు మూట కన్నా ఎక్కువ వెలంట! గాలికి అంత వెల ఏందిరా అంటిని.

లీగంటే ఏంది అని అడిగితిని. అందరూ అందరితో ఆడాలంట. తొమ్మిది జట్లు ఉంటే ఒక్కొక్కరికి ఎనిమిది ఆటలు. ఓడిపోయినోడు మూట కట్టుకొని పోడు, వచ్చే వారం ఇంకొకరితో ఆడతాడు. అది నాకు నచ్చింది. గెలిస్తే మూడు పాయింట్లు, సమానంగా పోతే ఒకటి. మూడెందుకు, రెండు చాలదా? డిల్లికి తెలీదు. వాధ్యారును నిలబెట్టి అడిగితిని. "రెండే ఇస్తే అందరూ సమానం చేసుకొని ఇంటికి పోతారమ్మా, గెలవాలని ఆశ పుట్టేదానికి మూడు" అన్యాడు. ఎవరో బాగా ఆలోచించినారు. ఎవరో ఏమో.

ఇంకొకటి చెప్తే నవ్వుతావు. జిల్లాలో మూడు డివిజన్లంట, వీళ్ళు మూడో దాంట్లో. నేను సంతోషపడితిని. ఇంటికి మూడో అంతస్తు, మూడో మాడి అంటే పైన గదా, గాలి బాగా వస్తాది! పక్కింటి సుగుణకు కూడా చెప్పితిని, మన పిల్లోళ్ళు అన్నిటికన్నా పైన ఉండారని. ఆమె కొడుకు గజా కూడా ఆ జట్టే. సీజను సగంలో డిల్లి వచ్చి, "అమ్మా, ఇంకొంచెం బాగా ఆడితే రెండుకు పోతాం" అన్యాడు. "ఏం తప్పు చేసినార్రా, కిందికి దించతా ఉండారు?" అంటిని. పిల్లోళ్ళు కిందపడి నవ్వినారు. గజా అన్యాడు, "అత్తా, ఆ ఇల్లు మాత్రం తలకిందులుగా కట్టినారు. మేస్త్రి మామను పిలవలా వాళ్ళు."

ఇట్ల అన్నీ అడిగితిని. గీత ఎందుకు, ఈల ఎందుకు, మా వాడికి ఒక్కడికి వేరే రంగు చొక్కా ఎందుకు. ఎంతమంది ఆడతారంటే పదకొండు అన్యారు. సరే, పదకొండు. ఆడేది పదకొండయితే పొయ్యేది ఎంతమంది? అదొక్కటి అడగలా. వాళ్ళు ప్రతి వారం ఎవరింటి నుంచి వాళ్ళు బస్టాండుకు పోతారు, నేను తెల్లారేసరికి పనికి పోతాను. అందరూ ఒక చోట నిలబడి నేను ఎప్పుడు చూస్తిని?

ఆఖరాట ఆదివారం, వేలూరులో. సమానంగా పోయినా చాలు, మేలుకు, అంటే రెండుకు పోతారు. అదే ఆదివారం మాకు ఒక ఇంటి కప్పు కాంక్రీటు. మా వీధికి రెండు ఫర్లాంగుల దూరంలో ఇల్లు. ఇంటాయన మంచి దినం చూసి పెట్టుకున్నాడు, మార్చడు. కాంక్రీటు పోసేది మొదలుపెడితే నిలపకూడదు పాపా. సగం ఇయ్యాల, సగం రేపు అంటే ఆ అతుకులో జన్మంతా నీళ్ళు కారతాయి. జట్టులో ఎనిమిది మంది మా దగ్గర పనిచేసే పిల్లోళ్ళే.

"ఆట ఇంకో వారం పెట్టుకోమనండ్రా" అన్యాడు మీ పెదనాయన.

"అది మన చేతిలో లేదు నాయనా. పోకపోతే ఆడకుండానే ఓడిపోయినట్లు."

"కాంక్రీటు నా చేతిలో ఉండాదా?"

ఇద్దరూ అన్నం ముందర పెట్టుకొని గోడ చూస్తా ఉండారు. నేను చెప్పితిని, వాళ్ళ బదులు వాళ్ళ అమ్మలం నిలబడతామని. సుగుణ గోడ అవతల నుంచే కేక వేసింది, "యాడక్కా, కప్పుకా, గోలుకా?"

కప్పుకే నిలబడితిమి. గుమ్మడికాయ కొట్టినారు, కర్పూరం వెలిగించినారు, ఏడు గంటలకు మొదటి బాండ్లీ పడింది. పిల్లోళ్ళు మా కుట్టియానైలో పోయినారు. చిన్న లోడు బండి, సెంట్రింగు పలకలు తోలేది. మా మరిది శేఖరు తోలినాడు. వాళ్ళు ఎక్కేది నేను చూడలా.

ఇప్పుడు ఒక కట్టుబాటు గురించి చెప్పాల. మా మామ కాలం నుంచి ఉండేది. కాంక్రీటు దినం కింద నుంచి పై వరకు మనుషులు వరస నిలబడి బాండ్లీ చేతులు మారస్తాము గదా, ఆ వరసలో ఉండేవోళ్ళకు చెడ్డ మాట చెప్పకూడదు. ఇంట్లో ఎవరికన్నా బాగలేకపోయినా, వార్త తెచ్చినోడు కింద కూర్చొని ఉండాల, ఆఖరి బాండ్లీ పడినాక చెప్పాల. ఒక్క చెయ్యి వదిలితే మొత్తం నిలిచిపోతాది. పిల్లోళ్ళు కూడా పుట్టినప్పటి నుంచి అది చూసి పెరిగినారు.

రెండు గంటలకు వాన పట్టుకుంది. ఇట్లాంటిది కాదు. కొండల్లో ముందే కొట్టి ఉంటాది. మేము పోసిన చోట తార్పాలు కప్పుకుంటా, మిగతాది పోసుకుంటా ఉండాము. నేను కప్పు మీద, కొసన. మూడున్నరకు చూస్తిని, మా వీధి ముందర పారే వంక తట్టు నుంచి పిల్లోళ్ళు నడిచి వస్తా ఉండారు. వాకిట్లో ఖాళీ సిమెంటు సంచులు కుప్ప ఉండాది. ఆ సంచి ఒక మూల లోపలికి తోసి తలకు వేసుకుంటే వానకు టోపీ మాదిరి, ముక్కు దాకా మూసుకుంటాది. తలా ఒకటి వేసుకున్నారు. నేను పైనుంచి లెక్కపెడితిని. బాండ్లీలు లెక్కపెట్టినట్లే. పదకొండు.

"అందరూ వచ్చేసినారు!" అని అరిస్తిని. ఎనిమిది మంది అమ్మలూ వానలో నవ్వినారు. సుగుణ చేతిలో బాండ్లీతోనే ఒక గెంతు గెంతింది.

ఒక పొడుగోడు సంచి కప్పుకొని కింద నిలబడి ఉండాడు. "డిల్లీ, ఆ తార్పాలు కొన పట్టు రా" అంటిని. పట్టుకున్నాడు. మారు మాట లేదు. ఎంత మంచోడయిపోయినాడు వీడు, ఆట గెలిచినాడేమో అనుకుంటిని. ఒక గంట, పాపా. ఒక గంట వాడు తార్పాలు పట్టుకొని నిలబడినాడు, నేను వాడి నెత్తి చూసుకుంటా నా పని చేసుకుంటిని.

నాలుగున్నరకు ఆఖరి బాండ్లీ. దిగి వచ్చి టీ పోస్తిని, పదకొండు గ్లాసులు. పొడుగోడు సంచి తీసినాడు. గజా.

"అత్తా, డిల్లి ఆ పక్క ఉండాడు."

"ఏ పక్కరా?"

"వంకకు ఆ పక్క. ఇంకా నలుగురు. వాధ్యారు, బండి కూడా."

మా వీధికి ముందు వంక ఉండాది గదా, దాని మీద నేల మట్టానికే ఉండే పాలం, చిన్న వంతెన. నీళ్ళు దాని మీద పోతా ఉంటే శేఖరు బండి నిలిపేసినాడంట. లత్తేరి ఊరు దాటినప్పుడే ఈ దారి వద్దనుకున్నాడంట, వీళ్ళే తొందరపెట్టినారు, కాంక్రీటుకు చెయ్యి వేయాల, అమ్మలు కష్టపడతా ఉంటారని. బండిలో సెంట్రింగు తాడు ఉండింది. ఒకడు ముందు దాటి ఈ పక్క రాయికి కట్టినాడు. ఆ పక్క బండి దాకా పొడుగు చాలలేదు. ఆ కొన డిల్లి పట్టుకున్నాడు. కీపరు గదా, నా చేతులు గట్టివి అన్యాడంట. పదకొండు మంది దాటేసరికి నీళ్ళు మోకాలి నుంచి నడుముకు వచ్చినాయి. ఇంక ఎవరూ దిగొద్దని వాడే అరిచినాడంట.

"ఎంతసేపయింది?"

"గంట పైన."

"ఎందుకు చెప్పలా నాకు?"

గజా నేల చూసినాడు. "కాంక్రీటు పోస్తా ఉండారు గదా అత్తా."

వాణ్ణి ఏమనాల నేను? మేము నేర్పించిందే.

పరిగెత్తితిని. డిల్లి ఫోను మోగలా. వంక ఎర్రగా, గట్లు తాకి పోతా ఉండాది. ఆ పక్క మనిషి లేడు. బండి లేదు. ఈ పక్క రాయికి కట్టిన తాడు ఉండాది. దాని ఆ కొన నీళ్ళల్లో ఆడతా ఉండాది. ఖాళీగా.

"తర్వాత, అత్తా?"

అత్త కాదే, పెద్దమ్మ. నువ్వు కూడా వాళ్ళ మాదిరి పిలుస్తా ఉండావు. ఏంది, ఫోన్లో పట్టేది చాలక రాసుకుంటా ఉండావా? రాసుకో.

తాడు పట్టుకొని లాగితిని. బరువు లేదు. ఇంకా లాగితిని. మీ పెదనాయన వచ్చి పక్కన నిలబడినాడు. ఎంతసేపో నాకు తెలీదు. వెనక హారను వినపడింది. వెనక అంటే మా వీధి తట్టు నుంచి. శేఖరు బండి తిప్పుకొని పెద్ద వంతెన మీదుగా చుట్టి వచ్చినాడు, యాడ చూసినా చెట్లు పడి ఉంటే ఆగి ఆగి. అందరి ఫోన్లూ తడిసిపోయి ఉండాయి. డిల్లి దిగినాడు. రెండు అరచేతుల్లో తోలు లేదు. నేను తిట్టలా, ఏడవలా. లెక్కపెడితిని. ఐదు. పదకొండూ ఐదూ పదారు. ఆ ఐదుగురు ఎందుకు ఎక్కువ అని అప్పుడే అడిగితిని, ఆ వానలో. ఎవరికన్నా కాలు నొస్తే బదులు దిగేదానికమ్మా, అన్యాడు. మేము కప్పు మీద నిలబడినట్లే.

ఆట ఏమయిందని రెండు దినాలు అడగలా. సమానంగా పోయిందంట. రెండుకు పోయినారు. ఆ కప్పు కూడా ఇంతవరకు ఒక చుక్క కారలా. అది చూస్తే నాకు ఏమనుకోవాలో తెలీదు.

ఇప్పుడు మా పనిలో ఆ కట్టుబాటు లేదు. మీ పెదనాయనే ఎత్తేసినాడు. ఏ మాటయినా అప్పుడే చెప్పాల, కప్పు కారితే కారనీ అన్యాడు. వాళ్ళ నాయన మాట అది, తేలిక కాదు ఆయనకు.

ఈ సారి ఓడిపోతానే ఉండారు వీళ్ళు. మళ్ళా మూడుకు పంపిస్తారేమో. పంపించనీ. నాకు మూడో మాడి ఇష్టమే.

ఉండు. హారను. మనదే. లేయ్, గొడుగు ఇట్లియ్యి.

రేయ్, తలమీద గుడ్డలు తీయండ్రా. మొగాలు చూపించి దిగండి. ఒకటి. రెండు. మూడు, నాలుగు... గజా, నువ్వు మళ్ళా వచ్చి వరసలో నిలబడొద్దు, తంతా. తొమ్మిది. పది. పదకొండు.

పన్నెండు. పదమూడు. పద్నాలుగు. పదైదు.

పదైదు. డిల్లి యాడ?

"బండి వెనక తలుపు మూస్తా ఉండాడత్తా."

ఆ. పదారు. వాధ్యారు పదేడు. శేఖరు పద్దెనిమిది. గెలిచినార్రా? మళ్ళా ఓడినారా? సరేలే, కాళ్ళు కడుక్కోండి.

నువ్వు ఆరు గంటల బస్సుకు పోతావు గదా పాపా. పెద్ద వంతెన మీద పొయ్యే బస్సే ఎక్కు. ఇల్లు చేరినాక ఫోను చెయ్యి, పంతొమ్మిది అని అప్పుడు అనుకుంటా. చల్లగా ఉండు తల్లీ.