బర్లకొట్టం బ్యాండు గురుపరంపర

జయకర్ నోరు విప్పాడంటే ఎదుటివాళ్ల చాయ్ చల్లారిపోవాల్సిందే. ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబు నడుపుతాడు. అతని బండెక్కి దిగేలోపు అతని మాటకు అడ్డుతగిలిన మనిషి ఇంతవరకూ పుట్టలేదని అతనే చెబుతాడు. ఆ ధీమాతోనే ఆ ఆదివారం సాయంత్రం ఈశ్వరయ్య ఇంటి అరుగెక్కాడు.

గెలవాల్సింది చిన్నదేం కాదు. ఎయిర్‌పోర్టుకు దగ్గర్లోని ఆ ఇంటి వెనక, బర్రెలు అమ్మేశాక ఖాళీగా పడున్న కొట్టంలో రెండేళ్లుగా జయకర్ బ్లూస్ బ్యాండు సాధన చేస్తోంది. ఇప్పుడు టెంట్‌హౌస్ కొండల్‌కు కుర్చీలు పెట్టుకోవడానికి సరిగ్గా అదే కొట్టం కావాలట. ఏ సంగతీ పొద్దుగూకేలోపు ఫోన్ చేసి చెప్తానని ఈశ్వరయ్య అతనికి మాటిచ్చాడు. కొట్టం పోతే బ్యాండు పోయినట్టే. డ్రమ్ములు కొట్టుకోనిచ్చే ఓనరు మహేశ్వరం నుంచి రాజేంద్రనగర్ దాకా ఒక్కడూ దొరకలేదు.

మిగతా ముగ్గురూ మెట్ల మీద వరసగా కూర్చున్నారు. గిటారు రూబెన్, బేస్ గిటారు బాలమల్లు, డ్రమ్ముల రెబెక్కా. గడపలో ఈశ్వరయ్య భార్య సత్తెమ్మ చాటలో చిక్కుడుకాయలు పోసుకుని ఈనెలు తీస్తోంది.

ఈశ్వరయ్య నలభై ఏళ్లుగా భజనలో తాళాలు వేస్తున్న మనిషి. అడగాల్సిందే అడిగాడు. "కొట్టం మాట తర్వాత జయకరూ. ముందుగాల మీ గురువెవరో చెప్పు. నాకు గురువున్నడు, ఆయనకో గురువుండె. ఎవరి దగ్గర నేర్చుకున్నరో తెల్వని వాయింపుకు నేను జాగ ఎందుకియ్యాలె?"

నిజం చెప్పాలంటే నలుగురూ ఫోన్లో చూసి నేర్చుకున్నవాళ్లే. అయితే నిజమే చెప్పాలని జయకర్‌తో ఎవరన్నారు?

"ఒక్క గురువుంటే చెప్తుంటి బాపు," అని గోడకు ఒరిగాడు. "రూబెన్ సంగతి తీస్కో. వాళ్ల నాయిన సీమోను చర్చిల హార్మోనియం వాయించెటోడు, గది మామూలు ముచ్చటే. రూబెన్‌కు తొమ్మిదేండ్లప్పుడు క్రిస్మస్ ఆరాధనల, పాట నడుమ, గిటారు తీగ పటుక్కున తెగింది. ఆపితే ఇంటి పరువు పోతది. ఏం జేసిండో ఎరుకేనా? బయట నిలవెట్టిన ఆటోకు క్లచ్ వైరు గుంజుకొచ్చి గిటారుకు బిగించిండు. ఇగ ఆ వైరు మోగుడు మోగితే, బాపు, ఆ ఆటో దానంతటదే స్టార్టయి చర్చి గడప దాక వచ్చి నిలవడ్డది."

"డ్రైవరు లేకుండనా?"

"డ్రైవరు లోపల కండ్లు మూసుకొని ప్రార్థనల ఉండె."

రూబెన్ తన చెప్పుల కేసి చూసుకున్నాడు. రెబెక్కా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జయకర్ అదేదీ చూడలేదు. అతనికి ఊపు వచ్చేసింది.

"బాలమల్లు అట్ల గాదు. పెండ్లి బ్యాండుల పెద్ద డోలు. ఒకసారి బాలాపూర్ దిక్కు గణపతి లారీ ముంగట కొట్టుకుంట పోతుండు, నడిరోడ్డు మీద లారీల డీజిల్ అయిపోయింది. అందరు పరేషాన్. మనోడు ఒక్క దెబ్బ ఏసిండు, లారీ ఒక్క గజం జరిగింది. ఇంకో దెబ్బ, ఇంకో గజం. గట్లనే చెరువు దాక నడిపిచ్చిండు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వీని చెయ్యి నొప్పివుట్టి ఆపితేనే లారీ ఆగింది, లేకుంటే చెరువుల దిగుతుండె."

"నీ కథల్ల డ్రైవర్లు ఎన్నడు పనిజెయ్యరేందిర?"

"నేను గూడ డ్రైవర్నే గద బాపు. జర రెస్టు ఇయ్యాలె."

సత్తెమ్మ తలెత్తకుండానే అడిగింది. "బ్లూసంటే ఏంది, పిలగా? రెండేండ్ల సంది ఇంటున్న, పేరు ఎరుకలేదు."

"పత్తి చేన్లల్ల నడుములిరిగినోళ్ల పాట పెద్దమ్మా. అమెరికల. కష్టం మీద కష్టమొస్తే, ఒక్కటే మాటను రెండుసార్లు పాడుకొని, మూడోసారికి జర నవ్వుకునుడు."

"పత్తి నేను గూడ ఏరిన," అంది సత్తెమ్మ. కాయ తుంచింది.

"అందుకే నీకు మంచిగ వినవడతది. ఇగ మా రెబెక్కా. చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ యేసమ్మ రోట్ల కారం దంచుతుంటే..."

"మా నాయనమ్మకు మిక్సీ ఉండె అన్నా," అంది రెబెక్కా.

"మిక్సీ రాకముందు."

"నేను పుట్టకముందే వచ్చింది. నా సంగతి నేను చెప్పుకుంట. ఎయిర్‌పోర్టు క్యాంటీన్ల ఖాళీ డబ్బాల మీద కొట్టి నేర్చుకున్న. అంతే."

"అంతేనట," అని జయకర్ ఈశ్వరయ్య వైపు జాలిగా తిరిగాడు. "ఆ డబ్బాల చప్పుడుకు రన్‌వే మీద లైట్లు తాళం ప్రకారం వెలిగి ఆరినయని మాత్రం చెప్పదు. సిగ్గెక్కువ."

రెబెక్కా కళ్లలో నిప్పు చూసి, వెంటనే తన దగ్గరికి వచ్చేశాడు. అసలు అందరికంటే పెద్ద చరిత్ర అతనిదే.

"నా దగ్గరున్నది మౌతార్గాన్ బాపు, గింతంత. ఒకనాడు క్యాబ్ లైన్ల కూసొని వాయిస్తున్న. మీద విమానం దిగనీకె వస్తున్నది. పైలెట్ చెవుల వడ్డది. దిగలే. ఊరి మీద ఒక్క చుట్టు తిరిగిండు. రెండు చుట్లు. ఏడు చుట్లు. కింద టవర్లకెల్లి సారు మైకుల అడుగుతుండట, ఏందయ్య దిగవేందని. చరణం అయినంక దిగుత సార్ అన్నడు. లోపల మనుషులు కిటికీలు తెరిచి..."

"విమానం కిటికీలు తెరుచుకుంటయా?"

"ఆ రోజు తెరిచిన్రు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దిగంగనే నా చెయ్యి వట్టుకొని నీ గురువెవరన్నడు, అచ్చం నీ లెక్కనే. గప్పటి సంది పైలెట్లందరికి మా సంగతి తెల్సిపాయె. మేము కొట్టంల పాట ఎత్తుకుంటే చాలు, ఇంజన్లు బంద్‌వెట్టుకొని గాలిల జారుకుంట పోతరు. మా పాట కోసం విమానాలే ఆగుతయి బాపు, నువ్వు కుర్చీల కోసం మమ్ముల లేపుతవా?"

వాదన ముగిసింది. తీర్పు తనకే అనుకుని జయకర్ చాయ్ గ్లాసు అందుకున్నాడు.

సత్తెమ్మ చాట పక్కన పెట్టింది. "జయకరూ, విమానం మీ కోసం ఆగుతదా, మీరు విమానం కోసం ఆగుతరా?"

గ్లాసు నోటి దాకా పోలేదు.

"కొట్టం మీదికెల్లి విమానం పోతే మీ పాట మీకే వినరాదు. చప్పుడు పోయేదాక ఆగి, మళ్ల అందుకుంటరు. మొన్న రాజేంద్రనగర్ల మా అన్న మనుమరాలి ఫంక్షన్‌ల మీరే వాయించిన్రు గద. అక్కడ విమానం లేదు, ఏం లేదు. పాటకు మూడుసార్లు టక్కున ఆగిన్రు. కరెంటు పోయిందని అందరు ఫ్యాన్ల దిక్కు చూసిన్రు. నేనొక్కదాన్నే ఆకాశం దిక్కు చూసిన."

మెట్ల మీద ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆగుతున్నామని వాళ్లకే తెలియదు. రెండేళ్లలో ఆ ఆగడం కూడా పాటలో భాగమైపోయింది.

"ఇగ గురువెవరని మా ఆయన అడుగవట్టె," అంది సత్తెమ్మ. "మీరు ఎక్కడ నేర్చుకున్నరో నాకెరుకే. మా కొట్టంలనే."

ఈసారి చల్లారింది జయకర్ చాయే.

ఈశ్వరయ్య ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. కొండల్ నంబరు మీద వేలు పెట్టి ఆగాడు. "ఒక్కటి వాయించుర్రి. ఆగకుంట."

రూబెన్ గిటారు అందుకున్నాడు. బేస్ గిటారును మోగించే స్పీకరు పెట్టె అరుగు మీద లేక బాలమల్లు అరుగుబండనే గుద్దాడు. రెబెక్కా నీళ్ల బకెట్ బోర్లించుకుంది. జయకర్ కోతలన్నీ మింగేసి, తనకు నిజంగా జరిగేదే పాడాడు:

"లైన్ల నేను యాభయ్యోణ్ణి, పొద్దు నాకన్న ముందు ఇంటికి పాయె... లైన్ల నేను యాభయ్యోణ్ణి, పొద్దు నాకన్న ముందు ఇంటికి పాయె..."

ఆకాశంలో పిట్ట కూడా లేదు. అయినా ఆ మాట చివర నలుగురూ టక్కున ఆగిపోయారు. ఆగుతూనే నాలుక కరుచుకున్నారు.

ఆ ఖాళీలో ఎవరో తాళం వేశారు. టిక్, టిక్, టిక్, టిక్. సరిగ్గా పాట మళ్లీ అందుకునే దాకా, ఒక్క దెబ్బ ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఈశ్వరయ్య చూపుడువేలి ఉంగరం ఫోన్ మీద కొడుతోంది. తన చేతిని తనే వింతగా చూసుకున్నాడు.

"రెండేండ్ల సంది గోడ ఇవతల కూసొని గిదే పని," అంది సత్తెమ్మ. "నాకు తెల్వదనుకున్నడు."

ఈశ్వరయ్య గొంతు సవరించుకుని కొండల్‌కు ఫోన్ కలిపాడు. "కొండలూ, కొట్టం ఖాళీ లేదు. లోపల మనుషులున్నరు." పెట్టేసి లోపలికి నడిచాడు, భజన తాళాల సంచి కోసం.

జయకర్‌కు ఊపిరొచ్చింది. ఊపిరితోపాటు నోరూ వచ్చింది. "చూసినవా పెద్దమ్మా, బాపు ఉంగరం చప్పుడుకు రన్‌వే మీద ఒక విమానం..."

"ఈనెలు ఎత్తిపొయ్యి ముందు," అని సత్తెమ్మ చాట అతని చేతిలో పెట్టింది.