విడాకులకు ముందు రిసెప్షన్

వంటగదిలో తల్లి అప్పడాల కర్రతో పిండి ఒత్తుతోంది. పక్కనే కూతురు, కుడిచేతికి సిమెంటు కట్టుతో.

“మెల్లగా మాట్లాడవే. పక్కావిడ గోడకి చెవి ఆనించే ఉంటుంది. పరాయి దేశంలో సంతకాలు పెట్టి చేసుకున్న పెళ్ళి ఇక్కడెవరికి తెలుసు? ముందు రిసెప్షన్ పెడదాం, విడాకులు తర్వాత.”

“చెయ్యి విరగ్గొట్టాడమ్మా!”

“కట్టు విప్పాకే పెడదాంలే. ఫొటోల్లో బాగోదు.”

“రేపు ఇక్కడే కేసు వేస్తామన్నారు లాయరుగారు. కొట్టింది అక్కడ కదా, కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కరైనా ఉంటే బాగుండేదన్నారు.”

“సాక్షులు కూడానా! పరువేం కాను? పెళ్ళికొడుకు లేకుండా రిసెప్షనేంటని అల్లుణ్ణి రమ్మన్నాను. నిన్న విమానం ఎక్కాడట.”

“ఇల్లెక్కడో చెప్పావా?”

“మలుపులో మందుల షాపు గుర్తు కూడా చెప్పాను. తిరిగి తిరిగి అలిసిపోతాడని.”

వీధి తలుపు మీద కాలితో తన్నిన చప్పుడు.

“తలుపు తియ్యవే! రెండో చెయ్యి కూడా విరుస్తా!”

“అమ్మా!”

“నా వెనక్కి రా.”

తల్లి చేతిలో కర్రతోనే వీధి తలుపు దగ్గరికి వచ్చింది. గడియ ఊడింది. సందులోంచి అల్లుడి చెయ్యి లోపలికొచ్చింది. దాని మీద అప్పడాల కర్ర పడింది. ఏదో విరిగింది. కర్ర మాత్రం కాదు.

“గట్టిగా కేకలు పెట్టవే.”

“పక్కావిడ వింటుందమ్మా.”

“విననీ. పరిగెత్తుకొచ్చి చూడనీ. ఇన్నాళ్ళకి ఆ చెవి మనకి పనికొస్తుంది.”